వ్యాసం అంటే ఏమిటి? ఆర్.కె. పురంలో అడిగి చూడండి

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లకు పేరుపడ్డ కాలనీ. పూర్తి పేరు రామకృష్ణ పురం. దేశంలోని అన్ని మూలల నుంచీ బదిలీ మీద వచ్చినవాళ్లు ఇక్కడ పక్కపక్క గుమ్మాల్లో కాపురం ఉంటారు. నాలుగో సెక్టార్లో ఢిల్లీ తమిళ విద్యా సంఘం వారి బడి ఉంది. ఎనిమిదో సెక్టార్లో కేరళ స్కూలు, పన్నెండో సెక్టార్లో ఢిల్లీ కర్ణాటక సంఘం, రెండో సెక్టార్లో అయ్యప్ప గుడి, ఏడో సెక్టార్లో గుట్ట మీద స్వామినాథుడి మలై మందిర్ ఉన్నాయి. ఈ కాలనీలో ఒక సాయంత్రం నాలుగిళ్ల పిల్లలు హోంవర్కు పుస్తకాలు ముందేసుకుని 'ఎస్సే' రాస్తున్నారనుకోండి. తమిళ పిల్లవాడు రాసేది కట్టురై, మలయాళీ పిల్ల రాసేది ఉపన్యాసం. కన్నడ పిల్లవాడు ప్రబంధం రాస్తాడు. హిందీ పీరియడ్ కోసం నలుగురూ రాసేది నిబంధ్. తెలుగు ఇంట్లో మాత్రం అది వ్యాసం.

మీకు తెలుసా? ఈ పేర్లలో మనది ఒక్కటే ఎదురు దిక్కున నడుస్తుంది. నిబంధంలో, ప్రబంధంలో ఉన్నది బంధమే, అంటే కట్టడం. తమిళ కట్టురైలో ఉన్నది మన కట్టు లాంటి మాటే. కట్టిన మాట అని దాని భావం. ఆ మూడు భాషలవాళ్లూ ఆలోచనలను ఒకచోట కట్టి మూట చేస్తున్నారు. సంస్కృతంలో వ్యాసం అంటే విడదీసి పరచడం. సమాసానికి అది సరిగ్గా వ్యతిరేకం. సమాసం మాటలను దగ్గరకు చేర్చి కుదిస్తుంది, వ్యాసం విప్పి విస్తరిస్తుంది. పాత శాస్త్రగ్రంథాల్లో ఒక విషయాన్ని క్లుప్తంగా చెప్పడం సమాసం, వివరంగా చెప్పడం వ్యాసం. ఒక్కటిగా ఉన్న వేదాన్ని విభజించి పరిచాడు కాబట్టే కృష్ణద్వైపాయనుడు వేదవ్యాసుడయ్యాడు. కట్టడం కంటే విప్పడమే వ్యాసం పని అని నా అభిప్రాయం కూడా. మనవాళ్లు మంచి మాట ఎంచుకున్నారు.

ఈ మాటకున్న బంధువులను చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. 'అస్' అనే ధాతువుకు విసరడం, వేయడం అని అర్థం. దాని ముందు ఉపసర్గలు మారుతూ పోతే సమాసం, వ్యాసం, న్యాసం, విన్యాసం, ఉపన్యాసం, అభ్యాసం, సన్న్యాసం అన్నీ పుట్టాయి. దగ్గరగా తెచ్చి ముందుంచితే ఉపన్యాసం, ఉన్నదంతా కింద పెట్టేస్తే సన్న్యాసం. బడిలో వ్యాసం రాసే పిల్లవాడూ, వేదిక మీద ఉపన్యాసం ఇచ్చే పెద్దాయనా, కాషాయం కట్టిన సన్న్యాసీ ఒకే ధాతువు నీడన ఉన్నారు.

వ్యాసానికి లెక్కల పుస్తకంలో ఇంకో బతుకు ఉంది. వృత్తాన్ని సరిగ్గా నడిమికి చీల్చే గీత వ్యాసం, అందులో సగం వ్యాసార్ధం. 1150లో వచ్చిన భాస్కరాచార్యుడి లీలావతిలోనూ వ్యాసం ఈ అర్థంలోనే ఉంది. వ్యాసాన్ని 3927తో గుణించి 1250తో భాగిస్తే సూక్ష్మమైన చుట్టుకొలత వస్తుందనీ, వాడుక పనులకు 22తో గుణించి 7తో భాగిస్తే చాలుననీ ఆయన చెప్పాడు. మొదటి లెక్క చేసి చూడండి, 3.1416 వస్తుంది. తెలుగు మీడియం పిల్లలకు ఈ పేచీ ఎప్పుడూ ఉన్నదే. లెక్కల మాస్టారు వ్యాసం కనుక్కోమంటారు, తెలుగు మాస్టారు వ్యాసం రాయమంటారు.

ఇక వ్యాసపీఠం. పురాణ కాలక్షేపం జరిగిన ఇళ్లలో ఇది ఉండేది, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పుస్తకం తెరిచి ఉంచడానికి వాడే చెక్క పీట ఇది. తెరిచినప్పుడు గుణకారం గుర్తులా నిలబడుతుంది. దాన్ని దగ్గరగా పరిశీలించండి. అందులో మేకు ఉండదు, జిగురు ఉండదు, చాలావాటిలో రెండో చెక్క ముక్కే ఉండదు. ఒకే పలకను మందంలో పై నుంచి సగం దాకా, కింది నుంచి సగం దాకా చీలుస్తారు. నడుమ పళ్లు పళ్లుగా కోసి, ఆ పళ్లే ఒకదానిలో ఒకటి తిరిగే కీలు అయ్యేట్టు చెక్కుతారు. మూస్తే మళ్లీ పలక అవుతుంది. మసీదుల్లో ఖురాన్ ఉంచే రెహల్ పనితనం కూడా ఇదే. పాత ఢిల్లీ వెళ్లినవాళ్లు జామా మసీదు చుట్టూ ఉన్న పుస్తకాల అంగళ్లలో ఒకసారి చేతిలోకి తీసుకుని తెరిచి మూసి చూడాలి.

అన్నిటికంటే విచిత్రమైన తారుమారు కందుకూరి వీరేశలింగం పంతులుగారి దగ్గర ఉంది. ఆయన తన వ్యాసాలను 'ఉపన్యాసాలు' అన్నారు. 1878లో వెలువడిన తన రాజశేఖర చరిత్రను, అంటే నవలను, 'వచన ప్రబంధం' అన్నారు. నవల అనే మాట తర్వాత స్థిరపడింది. ఇప్పుడు ఆర్.కె. పురం ఇరుగుపొరుగును గుర్తు తెచ్చుకోండి. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. కన్నడంలో ప్రబంధ అంటే వ్యాసం. పంతులుగారు నవలకు పెట్టిన పేరు కన్నడిగులకు వ్యాసమైంది, వ్యాసానికి పెట్టిన పేరు హిందీవాళ్లకు నవల అయింది. మలయాళంలో మాత్రం ఆయన వాడుకే ఈనాటికీ బడిపుస్తకాల్లో నిలిచి ఉంది.

ఢిల్లీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఈ మాటల దగ్గర తడబడకుండా ఉండలేరు. ప్రబంధం అనగానే మనకు పెద్దన మనుచరిత్ర తోస్తుంది. హిందీ ఆఫీసులో ప్రబంధక్ అంటే మేనేజరు, ప్రబంధన్ అంటే నిర్వహణ. మనకు నిబంధన అంటే షరతు, వాళ్లకు నిబంధ్ అంటే వ్యాసం. మనకు లేఖ అంటే ఉత్తరం, వాళ్లకు లేఖ్ అంటే పత్రికలో వచ్చే వ్యాసం. ఉర్దూలో అయితే మజ్మూన్. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన తెలంగాణ పెద్దలకు బడిలో పరిచయమైన మాట అదే. ఈ చిక్కులను విప్పడానికే అన్నట్టు, ఆర్.కె. పురం ఒకటో సెక్టారు వెస్ట్ బ్లాక్ 7లో రెండు ప్రభుత్వ సంస్థలు పనిచేస్తూ వచ్చాయి. ఒకటి 1960లో ఏర్పడిన కేంద్రీయ హిందీ నిదేశాలయం, రెండోది 1961లో ఏర్పడిన వైజ్ఞానిక, సాంకేతిక పదావళి సంఘం. మొదటిది హిందీకీ ఇతర భారతీయ భాషలకూ మధ్య నిఘంటువులు తెస్తుంది. రెండోది శాస్త్ర విషయాలకు పదాలు కూరుస్తుంది. దాని తొలి అధ్యక్షుడు భౌతిక శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారీ.

తెలుగులో వ్యాసానికి వీరేశలింగం కంటే ముందే మరో పేరు ఉంది. అది నాకు చాలా ఇష్టమైన పేరు, ప్రమేయం. సామినేని ముద్దునరసింహం నాయుడు తన హితసూచనిలోని రచనలను ప్రమేయాలు అన్నారు. ఆ పుస్తకం ఆయన పోయాక 1862లో అచ్చయింది. చదువు, వైద్యం, పెళ్లిళ్లు, మంత్రతంత్రాలు, శకునాలు వంటి విషయాలను తీసుకుని, జనం నమ్మేదానిలో నిజమెంతో తర్కించి చెప్పారు. ప్రమాణంతో తేల్చుకోవలసిన విషయమే ప్రమేయం. వ్యాసకర్త బాధ్యతను ఇంత గట్టిగా గుర్తుచేసే పేరు ఇంకోటి లేదు. ఆ పేరు నిలిచి ఉంటే ఎంత బాగుండేది!

పాశ్చాత్యుల 'ఎస్సే' సంగతి వేరు. 1580లో ఫ్రాన్సులో మిషెల్ ద మొంతేన్ తన రచనలకు 'ఎస్సే' అని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో ఆ మాటకు ప్రయత్నం, పరీక్ష అని అర్థం. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ 1597లో 10 చిన్న రచనలతో అదే పేరు మీద పుస్తకం తెచ్చాడు. ఆ తర్వాత ఆ మాట ఎక్కడ పడితే అక్కడ వాలింది. జాన్ లాక్ మానవ జ్ఞానం మీద రాసిన లావుపాటి గ్రంథానికీ 'ఎస్సే' అనే పేరు, 1798లో జనాభా మీద మాల్థస్ రాసిన పుస్తకానికీ అదే పేరు. అలెగ్జాండర్ పోప్ ఏకంగా పద్యాలు రాసి వాటిని 'ఎస్సే' అన్నాడు.

ఇదే ఫ్రెంచి మాటకు ఇంగ్లీషులో ఒక తోబుట్టువు ఉంది. దాన్ని మనం నగల అంగట్లో కలుసుకుంటాం. బంగారం నాణ్యత తేల్చే పరీక్షను 'అస్సే' అంటారు. హాల్‌మార్కింగ్ కేంద్రాల బోర్డుల మీద ఉండేది ఈ మాటే. లాటిన్‌లో తూచడం అనే అర్థమున్న మూలం నుంచి ఎస్సే, అస్సే రెండూ వచ్చాయి. కంసాలి గీటురాయి మీద గీసి రంగు చూసి చెబుతాడు. కేంద్రంలో జరిగే పరీక్షకు నిప్పు కావాలి. నగ నుంచి చిన్న తునక తీసి, తూచి, కొంత వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిద లాంటి పదార్థంతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాలుస్తారు. సీసం కరిగి, రాగి వంటి కల్తీ లోహాలను వెంటబెట్టుకుని మూసలోకే ఇంకిపోతుంది. బంగారం, వెండి కలిసిన పూస ఒకటి మిగులుతుంది. దాన్ని పలచగా సాగగొట్టి నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగిపోతుంది, చివరికి బంగారం ఒక్కటే నిలుస్తుంది. దాన్ని మళ్లీ తూస్తారు. 22 క్యారెట్ల నగ మీద మీరు చూసే 916 అంకె అర్థం, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య కూడా ఉండాలి.

ఎస్సే, అస్సే రెండూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం ఒకటి ఉంది. అది మన చరిత్రనే మార్చింది. జేమ్స్ ప్రిన్సెప్ ఉద్యోగం టంకశాలలో అస్సే మాస్టర్. మొదట కాశీలో, తర్వాత కలకత్తాలో నాణేల లోహాన్ని పరీక్షించడం ఆయన పని. నాణేల మీది అక్షరాలు ఆయన కుతూహలాన్ని శాసనాల వైపు తీసుకెళ్లాయి. శతాబ్దాలుగా ఎవరికీ అంతుపట్టని బ్రాహ్మీ లిపిని 1837లో చదివి, ఢిల్లీ స్తంభాల మీది అశోకుడి మాటలను మళ్లీ వినిపించాడు. 1840లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన పరిశోధనలు 1858లో పుస్తకంగా వచ్చినప్పుడు దాని పేరు భారతీయ ప్రాచీన విషయాల మీద 'ఎస్సేలు'. మన తెలుగు లిపి కూడా ఆ బ్రాహ్మీ నుంచి పుట్టినదే.

ఇంకో సంగతి. ఆర్.కె. పురానికి కొద్ది మైళ్ల తూర్పున, కాల్కాజీ గుడికి దగ్గర్లో, బహాపూర్ అనే చోట ఒక బండ మీద అశోకుడి చిన్న శిలాశాసనం ఉంది. అది 1966లో బయటపడింది. అదే శాసన పాఠం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఢిల్లీలోని తెలుగువాళ్లు ఊరికి వెళ్లినప్పుడొకటి, తిరిగి వచ్చాక ఒకటి చూడగలరు.

తపాలా బిళ్లలు సేకరించేవాళ్ల లోకంలో ఎస్సే అర్థం మళ్లీ మారిపోతుంది. బిళ్ల కోసం తయారు చేసి, చివరికి అంగీకరించకుండా వదిలేసిన నమూనాను వాళ్లు ఎస్సే అంటారు. 1854 నాటి తొలి అఖిల భారత బిళ్లలకు ముందు కలకత్తా టంకశాలలో కల్నల్ ఫోర్బ్స్ తయారుచేసిన సింహం, తాటిచెట్టు నమూనా ఇలాంటిదే. బిళ్లగా చలామణీ కాలేదు కానీ, సేకర్తలు ఆ నమూనాకు పెద్ద విలువ కడతారు.

సినిమా పేజీల్లోనూ ఈ మాట ఉంది. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో నటుడు పాత్రను 'ఎస్సే' చేశాడని రాస్తారు. 1957 మాయాబజార్‌లో ఎన్.టి. రామారావు కృష్ణుణ్ణీ, ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణీ అలా 'ఎస్సే' చేశారన్నమాట. తెలుగులో మనం పాత్ర పోషించారు అంటాం.

ఇక ఇంటర్ విద్యార్థులు! 'ఎస్సేలు ఎన్ని చూసుకున్నావ్?' అని ఒకరినొకరు అడిగేది తెలుగు, ఇంగ్లీషుల గురించి కానే కాదు. జువాలజీలో, బోటనీలో, ఫిజిక్సులో దీర్ఘ సమాధాన ప్రశ్నల గురించి. పటం గీసి, భాగాలు గుర్తించి, సమీకరణం రాబట్టినా దాని పేరు ఎస్సేనే.

గుమాస్తాల కాలనీ గురించి చెబుతూ గుమాస్తా వ్యాసకర్తను మరవకూడదు. ఇంగ్లీషు వ్యాసాల్లో అందరికీ ఆత్మీయుడైన చార్లెస్ లాంబ్, లండన్‌లోని ఈస్ట్ ఇండియా కంపెనీ కచేరీలో 1792 నుంచి 1825 దాకా 33 ఏళ్లు లెక్కల గుమాస్తా. మన దేశం నుంచి వెళ్లిన సరుకుల పద్దులు రాసిన చెయ్యి అది. 1820 నుంచి 'ఎలియా' అనే మారుపేరుతో లండన్ మ్యాగజైన్‌లో వ్యాసాలు రాశాడు. ఆ పేరు కూడా ఒక గుమాస్తాదే.

ఆర్.కె. పురం ఉద్యోగులకు వ్యాసం ప్రతి సెప్టెంబరులో ఎదురవుతుంది. 14న హిందీ దివస్. ఆ పదిహేను రోజుల్లో కేంద్ర కార్యాలయాల్లో నిబంధ్ పోటీలు పెడతారు, హిందీ మాతృభాష కానివాళ్లకు చాలాచోట్ల వేరే విభాగం ఉంటుంది. అక్టోబరు చివర నిఘా అవగాహన వారంలో నీతి నిజాయితీల మీద మరో విడత పోటీలు.

తెలుగులో వ్యాసం ఏ భాషలో రాయాలన్నది ఒకప్పుడు మహా యుద్ధమే. పరీక్షలో పిల్లలు రాసే వ్యాసరచన వాడుక భాషలో ఉండవచ్చా, గ్రాంథికంలోనే ఉండాలా అని 1911 తర్వాత మద్రాసు రాజధానిలో గొడవ రేగింది. 1913లో జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. గిడుగు రామమూర్తి అదే ఏడాది ఆధునిక తెలుగు మీద తన వాదాన్ని అచ్చువేశారు. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. అప్పటికి గ్రాంథికమే నెగ్గింది. మరుసటి ఏడే గురజాడ కన్నుమూశారు. ఈరోజు మన పిల్లలు మాట్లాడే తెలుగులో జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటున్నారంటే ఆ పెద్దల పుణ్యమే. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం అందుకే.

దాదాపు అదే సమయంలో, 1913లో, పానుగంటి లక్ష్మీనరసింహారావు సువర్ణలేఖలో 'సాక్షి' వ్యాసాలు మొదలుపెట్టారు. 1711లో లండన్‌లో మొదలైన స్పెక్టేటర్ పత్రిక ఆయనకు ప్రేరణ. అయితే ఆయన సృష్టించిన జంఘాలశాస్త్రి నోట పలికింది సరళ గ్రాంథికమే.

ఇప్పుడు దేశంలో ఎక్కువ విలువున్న వ్యాసం ఏదంటే సివిల్స్ మెయిన్స్‌లోది. మూడు గంటలు, 250 మార్కులు, రెండు వ్యాసాలు. 1993 నుంచి ఈ పేపరు ఉంది. దీన్ని తెలుగులో రాయవచ్చు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. భారతీయ భాషా పేపరుగా తెలుగు తీసుకుంటే అందులో ఇంకో వ్యాసం రాయాలి. దానికి 300లో 100 మార్కులు. ఆ మార్కులు ర్యాంకుకు కలవవు, కానీ ఆ పేపరు గట్టెక్కకపోతే మిగతావి దిద్దరు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌ను తెలుగు మాధ్యమంలో రాసి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు.

ఆర్.కె. పురంలో తమిళులకు, మలయాళీలకు బడులున్నాయి, తెలుగు బడి లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో, ప్రసాద్ నగర్‌లో, జనక్‌పురిలో ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ధౌలా కువాఁ దగ్గర, ఈ కాలనీకి కూతవేటు దూరంలోనే ఉంది. కానీ చిన్న పిల్లలు కాలేజీకి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు. కలం పట్టుకోమంటే మాత్రం హిందీలోకో ఇంగ్లీషులోకో జారుకుంటారు. అందుకే ఈ కాలనీ తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఈ వేసవిలో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ ఊరి మీద, అక్కడి చెరువు మీద, తాతగారి సైకిలు మీద, పిల్లలకు ఏది నచ్చితే దాని మీద తెలుగులో ఒక్క పేజీ రాయించండి. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు పోయినా ఎర్ర కలం తీయకండి. ముందు మొత్తం చదివి, బాగుందని చెప్పి, ఆ తర్వాత పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి దిద్దుకోండి.